శుక్రవారం రాత్రి ప్లాన్ మారితే: తిరువాన్మియూర్ నుంచి మహాబలిపురం దాకా తీరం వెంట ఒంటరి నడక

జనవరి నెలాఖరు శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర. తెల్లవారుజామున ముగ్గురం కలిసి నాగలాపురం కొండలకి బయల్దేరాలి. సంచి సర్దేసుకుని పులిహోరకి చింతపండు కూడా నానబెట్టాను. అంతలో గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఒకామె పాపకి జ్వరమని. పది నిమిషాలకి రెండో ఆమె నుంచి ఇంకోటి: ఆఫీసులో ఏదో పడిపోయింది, వీకెండంతా ఆన్‌కాల్ అని. చివరికి నానిన చింతపండూ నేనూ మిగిలాం.

నాగలాపురం ఒక్కదాన్నే వెళ్ళను. వాగు పక్క బండ మీద కాలు జారితే కేక వేసినా వినేవాళ్ళుండరు. అడవికి ఒంటరిగా వెళ్ళకూడదని పెట్టుకున్న నియమం సర్దిన సంచిని చూసి మార్చుకునేది కాదు. కానీ నేనుండేది చెన్నై తిరువాన్మియూర్‌లో. రాత్రి ట్రాఫిక్ తగ్గాక సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. మ్యాప్ తెరిచి చూస్తే తీరం గీత గీసినట్టు దక్షిణానికి పోతోంది. 40 కిలోమీటర్లు నడిస్తే మహాబలిపురం. శనివారం 20, ఆదివారం 20. ఆ వారం వెళ్ళొచ్చాక మరో రెండుసార్లు నడిచాను. మొదటిసారి చేసిన తప్పులతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఈ దారిలో ఉన్న గొప్ప సుగుణం ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు. పొడవునా తీరం పక్కనే ఉంటుంది. కాలు బెణికినా, భయం వేసినా, ఊరికే విసుగొచ్చినా కుడివైపు తిరిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే బస్సు దొరుకుతుంది. సముద్రం ఎడమ చేతివైపు ఉన్నంతసేపూ దారి తప్పడమనేది ఉండదు.

శుక్రవారం రాత్రి: వెళ్ళాలా, వద్దా

డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఈశాన్య గాలి వెనకనుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి నడవడమే సుఖం. మార్చిలో ఉదయం తొమ్మిది దాకా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి.

ముందు వాతావరణ కేంద్రం జాలర్లకిచ్చే సూచన చూడండి. వేటకి వెళ్ళొద్దని ఉంటే మన నడక కూడా రద్దే. తర్వాత ఇన్‌కాయిస్ హెచ్చరికలు చూడండి. సముద్రం సంగతి చెప్పే ఆఫీసు హైదరాబాద్‌లో ఉందంటే నవ్వొస్తుంది గానీ, దేశమంతటికీ సునామీ హెచ్చరికలు, పెద్ద అలల హెచ్చరికలు అక్కణ్ణించే వస్తాయి. అందులో ‘కల్లక్కడల్’ అన్న మలయాళం మాట కనిపిస్తే ఇంట్లోనే ఉండండి. దొంగలా వచ్చే సముద్రమని అర్థం. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన రేగిన తుపానుకి పుట్టిన అలలు రోజులు గడిచాక మన ఒడ్డుకి చేరతాయి. ఇక్కడ ఆకు కదలదు, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, అల మాత్రం రోజూ తడవని ఇసుకని కూడా తడిపేసి పోతుంది.

పోటు, పాటు వేళలు కూడా అక్కడే దొరుకుతాయి. చెన్నై దగ్గర రెండింటికీ తేడా మీటరుకి అటూ ఇటూ, అంతే. అయినా చూసుకోవాలి, ఎందుకంటే మనం నడవగలిగేది నీళ్ళు అప్పుడే వెనక్కి తగ్గిన గట్టి ఇసుక మీదే. పోటు నిండుగా ఉన్నప్పుడు ఆ పట్టీ మునిగిపోయి, పైనున్న పొడి ఇసుకే మిగులుతుంది. పొడి ఇసుకలో కిలోమీటరు నడిస్తే రెండు కిలోమీటర్ల అలసట. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఇంకాస్త పైకి వస్తుంది.

శనివారం రాత్రికి సగం దారిలో వచ్చే కోవళంలో (కేరళది కాదు) గది శుక్రవారమే ఖాయం చేసుకోండి. సర్ఫింగ్‌కి వచ్చేవాళ్ళ వల్ల అక్కడ చిన్న హోమ్‌స్టేలు చాలానే ఉన్నాయి గానీ వీకెండ్‌కి నిండిపోతాయి. ఫోన్ చేసి ‘ఒక్కరే, ఆడవాళ్ళు’ అని ముందే చెప్పేయండి. తీరా వెళ్ళాక గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలు వేయించుకోవడం కంటే అది నయం. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపండి. దాంతోపాటు ఏ చోటు నుంచి ఏ టైముకి మెసేజ్ పెడతారో కూడా చెప్పండి. నేనైతే నీలాంకరై, ఉత్తండి, కోవళం అని మూడు చెప్పాను. అనుకున్న టైము దాటి గంటైనా మెసేజ్ రాకపోతే ఫోన్ చెయ్యాలని ఒప్పందం. అత్యవసరానికి 112, తీరప్రాంత పోలీసులకి 1093.

సంచి

అయిదు కిలోలు దాటనివ్వకండి. ఇసుక మీద ప్రతి కిలో తెలుస్తుంది. లీటరు సీసాలు రెండు చాలు, అయిపోయినప్పుడల్లా దారిలో వచ్చే కుప్పంలో (జాలర్ల పల్లెని ఇక్కడ కుప్పం అంటారు) నింపుకోవచ్చు. ఓఆర్‌ఎస్ పొట్లాలు మూడు. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, పెరుగన్నం ఆ ఎండలో నిలవదు. తాడున్న టోపీ (తాడు లేనిది మొదటి గంటలోనే గాలికి పోతుంది), పొడుగు చేతుల నూలు చొక్కా, పవర్ బ్యాంకు, ఆధార్, చిల్లర నోట్లు, ఒక విజిల్. చేతికి తేలికైన వెదురు కర్ర, ఇది కుక్కల కోసం.

సన్‌స్క్రీన్ ఎడమ చెంపకి, ఎడమ చెవికి రెండింతలు రాయండి. దక్షిణానికి నడుస్తుంటే పొద్దుటి ఎండంతా ఎడమవైపే పడుతుంది, నీళ్ళ మీంచి తిరిగి కొట్టే ఎండ కూడా అటే. మొదటిసారి ఈ సంగతి తట్టలేదు. సోమవారం ఆఫీసులో ముఖం రెండు రంగుల్లో ఉంది.

పాతబడిన రన్నింగ్ షూ చాలు, కొత్తవి కొనకండి. పల్చటి సాక్సులు రెండు జతలు. బొబ్బ వచ్చాక ప్లాస్టర్ వెయ్యడం కాదు, బయల్దేరే ముందే మడమకీ చిటికెన వేలికీ టేపు చుట్టుకోండి. తొడలు ఒరుసుకునే చోట వాజలీన్. టెంట్ వద్దు, ఇసుక మీద పడుకునే ఆలోచన అసలు వద్దు.

అమ్మాయిలకి అసలు సమస్య టాయిలెట్. తీరం మీద దొరకదు. రెండు గంటలకొకసారి ఈసీఆర్ మీదికొచ్చి, ఏదో ఒక హోటల్లో కాఫీ తాగి, పని చూసుకుని మళ్ళీ దిగడమే. దీనికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తే మధ్యాహ్నానికి తల తిరుగుతుంది.

శనివారం ఉదయం: ఇసుక మీద నడవడం

చీకట్లో బయల్దేరకండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. ఆరుంపావుకి తిరువాన్మియూర్ బీచ్‌కి చేరితే వెలుగు సరిపోతుంది, వాకింగ్ జనం కూడా ఉంటారు. నీలాంకరై దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లూ వాళ్ళ తోడుతోనే గడిచిపోతాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. 1988 నుంచి ఇక్కడి విద్యార్థుల బృందం ఒకటి రాత్రుళ్ళు నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా నడిచి, గుడ్లు సేకరించి హేచరీలో భద్రం చేస్తోంది. పొద్దున్నే వెళ్తే చిన్న ట్రాక్టర్ ఒడ్డెక్కి దిగినట్టు ఇసుకలో జాడలు కనిపించవచ్చు. చచ్చిన తాబేళ్ళు కూడా కనిపిస్తాయి. 2025 జనవరిలో అయితే చెన్నై తీరానికి వందల కొద్దీ కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి. ముట్టుకోకుండా గాలి వచ్చే వైపు నుంచి చుట్టి వెళ్ళండి.

గట్టి ఇసుకని పోల్చుకోవడం తేలికే. మీ అడుగు వెనక్కి తిరిగి చూసుకోండి: మడమ గుర్తు పడాలి, మడమ మునగకూడదు. అలా ఉన్న పట్టీ కొన్నిచోట్ల రెండు గజాలే ఉంటుంది. దాన్ని పట్టుకుని చిన్న అడుగులు వేస్తూ పోండి. రోడ్డు మీద గంటకి అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్ళు ఇక్కడ మూడున్నర లెక్క వేసుకోవాలి.

నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది. అంటే దారి పొడవునా ఎడమకాలు పల్లంలో, కుడికాలు మెరకలో. అయిదారు కిలోమీటర్ల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఎడమ తుంటి దగ్గర సన్నగా మొదలై, మధ్యాహ్నానికి కుంటడం దాకా వస్తుంది. అరగంటకోసారి పైన చదునుగా ఉన్న చోటికెక్కి అయిదు నిమిషాలు నడవండి. మెత్తగా ఉంటుంది, విసుగ్గానూ ఉంటుంది, అయినా నడవండి. చెప్పులు లేకుండా తడి ఇసుకలో నడవడం హాయే గానీ గంట మించొద్దు. గాజు పెంకులు, గాలం ముళ్ళు ఉంటాయి.

నీళ్ళలోకి దిగడం గురించి నా నియమం: ఒంటరిగా ఉన్నప్పుడు మోకాలు తడవకూడదు. చెన్నై ఒడ్డు హఠాత్తుగా లోతవుతుంది. పక్కనంతా అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్ళు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే ఈతకి అనువైన చోటని మురిసిపోకండి. ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది. పొరపాటున చిక్కితే ఒడ్డుకి ఎదురీదొద్దు. ఒడ్డు పక్కగా, అడ్డంగా ఈది ఆ పాయ దాటాకే ఒడ్డుకి మళ్ళాలి.

కుప్పాలు, గోడలు, కుక్కలు

ఇంజంబాక్కం దాటాక కుడివైపు బంగళాలు, రిసార్టులు వరసగా మొదలవుతాయి. గోడలు ఇసుక దాకా వచ్చేస్తాయి. రోడ్డు పక్కనే ఉన్నా, దాన్ని చేరే దారి మాత్రం కుప్పాల సందుల్లోంచే. ఇంజంబాక్కం, పనైయూర్, ఉత్తండి, కానత్తూర్ అని వరసగా గుర్తు పెట్టుకోండి. ఇవే మీ తలుపులు. అందుకే ఒక కుప్పం దాటే ముందు ‘తర్వాతి దానికి వెళ్ళే ఓపికుందా’ అని మిమ్మల్ని మీరే అడగాలి. లేదంటే అక్కడే బయటికి రావాలి. సెక్యూరిటీ అతను గోడ దగ్గర్నుంచి విజిల్ వేస్తే చెయ్యి ఊపి, నీళ్ళంచునే నడిచి పొండి. వాదన దేనికి.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య పడవలు ఒడ్డుకొస్తాయి. పరిచిన వల మీద అడుగు పెట్టకండి. పడవని ట్రాక్టరుతో లాగుతుంటే తాడుకీ నీళ్ళకీ మధ్యలోంచి కాకుండా ట్రాక్టరు వెనకనుంచి చుట్టి రండి. బిగిసిన తాడు తెగితే కాలు విరుగుతుంది. ఫోటో తీసేముందు అడగండి. పొద్దున కొన్నిచోట్ల ఒడ్డే మరుగుదొడ్డి కాబట్టి కళ్ళు నేల మీద పెట్టి, నీళ్ళంచు వదలకుండా నడవండి. చెప్పడానికి బాగుండదు గానీ తొక్కాక తెలుసుకోవడం కంటే ముందు తెలియడం మేలు.

కుక్కలు గుంపుగా వస్తే పరుగెత్తొద్దు. వేగం తగ్గించి, కర్ర కిందికి ఆనించి, వాటి కళ్ళలోకి చూడకుండా సాగిపోండి. రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు ఆగిపోతాయి. గీరినా సరే, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నడక ఆపేసి ఇంజెక్షన్‌కి వెళ్ళాల్సిందే.

మనుషులతో నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న ‘తనియావా?’ ఒక్కదానివేనా అని. తొంభై పాళ్ళు అది ఆరా, కాస్త జాలి. చేపలమ్మే ఆమె అడిగితే ‘అవునక్కా’ అంటాను. వయసు కుర్రాళ్ళు అడిగితే ‘ఫ్రెండ్స్ వెనకాల వస్తున్నారు’ అంటాను. ఈ అబద్ధానికి పాపం లేదు.

కానత్తూర్ దగ్గర రెడ్డికుప్పం అనే ఊరుంది. మన మాట వినిపిస్తుందేమోనని ఆశపడ్డాను. టీ, బన్ను, గుక్కతిప్పుకోనివ్వని తమిళం దొరికాయి.

ముట్టుకాడు మొగ: ఇక్కడ తప్పకుండా రోడ్డెక్కాలి

ఈ దారి మొత్తంలో ఒంటరి మనిషిని నిజంగా ఆపే చోటు ఇదొక్కటే. కోవళానికి ముందు బ్యాక్‌వాటర్ సముద్రంలో కలుస్తుంది. మా నెల్లూరు వైపు ఏటి మొగ అంటాం, ఇక్కడ ముగత్తువారం. ఎండాకాలంలో ఇసుక మేట వేసి పూడుతుంది, వానల తర్వాత తెరుచుకుంటుంది. మ్యాప్‌లో సన్నటి నీలం గీత, అంతే. మొదటిసారి నేను రెడ్డికుప్పం దగ్గర రోడ్డెక్కకుండా నేరుగా నడిచి అక్కడికే వెళ్ళాను. అవతల కోవళం ఇళ్ళు కనిపిస్తున్నాయి. నీళ్ళు మోకాలి లోతులో, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. షూ విప్పి మెళ్ళో వేసుకున్నాను.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచొచ్చి ఏమీ అనలేదు. పక్కనున్న సరుగుడు కొమ్మ ముక్క తీసి నీళ్ళలోకి విసిరాడు. అది ఒక క్షణం అక్కడే తిరిగింది. తర్వాత ఎవరో తాడు కట్టి లాగినట్టు సముద్రం వైపు పోయింది. నేను పది అంకెలు లెక్కపెట్టేలోపు అలల్లో కలిసిపోయింది. ‘మోకాలి లోతే, కానీ లాగుద్ది’ అని తమిళంలో చెప్పి వల దగ్గరికి వెళ్ళిపోయాడు. పాటు వేళ బ్యాక్‌వాటర్‌లోని నీళ్ళన్నీ ఆ ఇరుకు మొగలోంచే బయటికి పోతాయి. పైగా కాలి కింది ఇసుక కోసుకుపోతూ ఉంటుంది. షూ తొడుక్కుని మిట్టమధ్యాహ్నం వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

మీరు అంత దూరం పోకండి. పదకొండింటికల్లా కానత్తూర్‌లో ఈసీఆర్ ఎక్కేయండి. ఎలాగూ పదకొండు నుంచి మూడు దాకా నడవకూడదు. ముట్టుకాడు వంతెనకి ముందే దక్షిణచిత్ర ఉంది, 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళని విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు, నల్గొండ వైపు ఇకత్ నేత ఇల్లు కూడా ఉన్నాయి. చుట్టిల్లు మట్టి గోడకి వీపు ఆనించి పులిహోర పొట్లం గురించి కలలు కన్నాను. అప్పటికే అయిపోయింది మరి.

వంతెన మీద వాహనాల వేగం చూస్తే కాలినడక బుద్ధి తక్కువ పనిలా అనిపిస్తుంది. బస్సెక్కి కోవళంలో దిగండి. నడకలో ఇది మోసమని ఎవరైనా అంటే అననివ్వండి. వంతెన కింద బ్యాక్‌వాటర్‌లో బకింగ్‌హాం కాలువ కూడా కలిసే ఉంది. కాకినాడ వైపు నుంచి ఆంధ్ర తీరం వెంట దిగి, చెన్నై దాటి వచ్చే కాలువే ఇది. 1876–78 కరువులో కూలి పనిగా కొంత భాగం తవ్వించారు.

కోవళంలో రాత్రి

కాళ్ళు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టండి. బొబ్బ చిట్లకపోతే ముట్టుకోకండి, పైన టేపు చాలు. షూ బోర్లించి దులిపి ఫ్యాను కింద పెట్టండి. చేపల వేపుడు తిని తొమ్మిదికల్లా పడుకోండి.

అమ్మ ఫోన్ చేసింది.

“ఒక్కదానివేనా?”

“ఆఁ.”

కాసేపు మాట లేదు. “రేపు ఎటువైపు?”

“తిరువిడందై మీదుగా మహాబలిపురం.”

“తిరువిడందైయా! నిత్యకల్యాణ పెరుమాళ్ళు కదే అక్కడ!” గొంతులో అప్పటిదాకా ఉన్న దిగులు ఏమైపోయిందో తెలియదు. “ఎలాగూ ఆ దారినే పోతున్నావు, దండ వేసి రా.”

ఆదివారం: కోవళం నుంచి దక్షిణానికి

మూడు కిలోమీటర్లకే తిరువిడందై. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. వరాహస్వామి రోజుకొక కన్య చొప్పున ఏడాది పొడవునా పెళ్ళాడాడని స్థలపురాణం. పెళ్ళి కావలసినవాళ్ళు స్వామికి దండ సమర్పించి, ప్రసాదంగా తిరిగిచ్చిన దండ మెళ్ళో వేసుకుని తొమ్మిది ప్రదక్షిణాలు చేస్తారు. ఇసుక కొట్టుకున్న ట్రాక్ ప్యాంటుతో వెళ్ళకండి. సంచిలో ఒక చున్నీ, శుభ్రమైన కుర్తా పెట్టుకోండి. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి పొద్దున్నే చూసుకుని మళ్ళీ తీరానికి దిగండి.

తర్వాత వడనెమ్మెలి. 1976లో రోములస్ విటేకర్ మొదలుపెట్టిన మొసళ్ళ పార్కు రోడ్డు పక్కనే ఉంది. నడక మధ్యలో చూడాలని నాకనిపించలేదు. కాస్త ముందుకి సముద్రపు నీటిని మంచినీరు చేసే నెమ్మెలి ప్లాంటు వస్తుంది. రోజుకి 10 కోట్ల లీటర్ల మొదటి యూనిట్ 2013లో, 15 కోట్ల లీటర్ల రెండోది 2024లో మొదలయ్యాయి. ఆ చుట్టుపక్కల ఒడ్డు కోతపడి, పెద్ద పెద్ద రాళ్ళు పోసి ఉంటాయి. తడి రాళ్ళ మీద పాచి ఉంటుంది, సందుల్లో కాలు ఇరుక్కుంటుంది. రాళ్ళు కనిపించగానే రోడ్డెక్కి, అవి అయిపోయాక దిగండి.

పట్టిపులం నుంచి సాలవన్‌కుప్పం దాకా ఉన్న ముక్క నాకు అన్నిటికంటే ఇష్టం. కుడివైపు సరుగుడు తోటలు, ఇసుక మీద ఊదారంగు పూల తీగ, గాలికి దొర్లే ముళ్ళ బంతులు. వాటిని తమిళులు రావణన్ మీసై అంటారు. ఎండ్రకాయలు మీ నీడ పడగానే కన్నాల్లోకి మాయమవుతాయి. అందమెంతో నిర్మానుష్యమూ అంతే. పదకొండు లోపు దాటేయండి. తోటల్లోకి వెళ్ళి కూర్చోవద్దు, అక్కడ మందు పార్టీలుంటాయి. నడిచేది నీళ్ళంచునే, ఇయర్‌ఫోన్లు సంచిలోనే.

సాలవన్‌కుప్పంలో పులిగుహ ఉంది. పులి లేదు, నోళ్ళు తెరిచిన యాళి (సింహం పోలికలున్న కల్పిత మృగం) తలలు చుట్టూ చెక్కిన పల్లవుల కట్టడం. దాని దగ్గర్లోనే 2004 సునామీ తర్వాత బయటపడ్డ శాసనాలని పట్టుకుని తవ్వితే పాత ఇటుకల సుబ్రహ్మణ్యస్వామి గుడి దొరికింది.

ఇంకో అయిదు కిలోమీటర్లు. షోర్ టెంపుల్ శిఖరాలు ముందు వేలెడంత కనిపించి, చాలాసేపు అంతే ఉంటాయి. టెన్షన్ పడకండి, తీరం మీద దూరాలు అలాగే ఏడిపిస్తాయి. గుడి ఆవరణలోకి తీరం వైపునుంచి దారి లేదు, కంచె ఉంది. ఊళ్ళోకెక్కి టికెట్ గేటు నుంచే వెళ్ళాలి. టికెట్ 40 రూపాయలు, అదే పంచ రథాలకీ పనికొస్తుంది. నడక ఇంకా దక్షిణానికి సాగించాలనుకోకండి. అటు కల్పాక్కం అణు కేంద్రం ఉంది, తీరం వెంట పోనివ్వరు.

ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే ఈసీఆర్ మీద చెన్నై వైపు ట్రాఫిక్ గట్టిపడుతుంది. మూడున్నర లోపు బస్సెక్కితే కూర్చునే చోటు దొరుకుతుంది. ఎక్కే ముందు షూ విప్పి దులపండి. నేను దులపలేదు. కండక్టర్ నా కాళ్ళ కింద పోగైన ఇసుకని చూసి, మెళ్ళో ఉన్న దండని చూసి, ఏమీ అడక్కుండా టికెట్ చింపి ఇచ్చాడు.